నడివయస్సులో నూతన వృత్తి
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగపాఠం)

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మనలో ఒక సామెత ఉన్నది. పిల్లల పెంపకాన్ని గూర్చి పుట్టిన ఈ మాటను మనము పెద్దలకు కూడా వర్తింపజేస్తూ ఉంటాము. ముఖ్యంగా నలుబదేండ్లు నిండిన స్త్రీ ఏదైనా కొత్త పని నేర్చుకొంటానని అన్నప్పుడు ఇంటిలోనివారికి, ఇరుగుపొరుగువారికి మొదట స్ఫురించేది ఈ సామెతయే. "ఇప్పుడెందుకమ్మా నీకీ చదువు? ఈ వయస్సులో ఎక్కడికి పోతావు?" అని అడుగుతారు. అడిగేవారిలో ద్వేషమేమీ ఉండదు. ఆ ప్రశ్నకు సమాధానం ఉండవచ్చునని మాత్రం వారికి తోచదు. ఆ సమాధానమేమిటో కొంచెం విచారించడమే ఈనాటి ప్రసంగం ఉద్దేశ్యం.

నడివయస్సు అంటే ఏది? పాశ్చాత్యదేశాలలో నలుబదియైదు, ఏబది అని చెబుతారు. మన సీమలో లెక్క వేరు. పదునేడు, పదునెనిమిది ఏండ్లకు పెండ్లి. ఇరువది మూడు, ఇరువది నాలుగేండ్లకు ఇద్దరు ముగ్గురు బిడ్డలు, వెంటనే కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స. ఇది ఎందరో గ్రామీణ స్త్రీల జీవితక్రమం. ముప్పది యెనిమిదేండ్లు వచ్చేసరికి పెద్దకూతురు అత్తవారింటికి వెళ్లియుంటుంది. నలుబదికి అమ్మమ్మ కావడం వింతేమీ కాదు. ఇంకొక మాట ఆలోచించండి. ఆమెకు అప్పటికి పని చేయగల కాలము ఇంకను ఇరువది, ఇరువదియైదు సంవత్సరాలు మిగిలియున్నది. పిల్లలను కని పెంచినదానికంటె ఎక్కువ కాలము ముందున్నది. లోకం ఆమెను ముసలిదానిలో జమకట్టినది. శరీరము మాత్రం ఇంకా ముసలితనాన్ని ఒప్పుకొనలేదు. ఈ రెండింటి నడుమ ఉన్న ఇరువదియేండ్లను ఏమి చేసికోవాలన్నదే అసలు సమస్య.

నందికొట్కూరు ప్రాంతాన్నే ఉదాహరణగా తీసికొందాము. కర్నూలుకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణము 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినది. ఒకవైపు తుంగభద్ర నీటిని తెచ్చే కర్నూలు కడప కాలువ, ఇంకొకవైపు శ్రీశైలం జలాశయం వెనుకనీరు, ఆ నీటిని దక్షిణానికి పంపే పోతిరెడ్డిపాడు తూములు, ఎగువన మెట్టచేలు, దూరాన నల్లమల. చెప్పుకొనవలసిన విశేషమేమంటే, ఈ కాలువకు కూడ నడుమ వృత్తి మారినది. పంతొమ్మిదవ శతాబ్దంలో దీనిని త్రవ్వించిన కంపెనీవారు పొలాలకు నీరు ఇవ్వడంతోపాటు పడవలు నడపడానికి కూడ ఉద్దేశించారు. పడవలు ఏనాడో పోయినవి, సేద్యం నిలిచినది. కాలువకు తప్పుకానిది మనిషికి ఎందుకు తప్పు కావాలి?

వృత్తి మారడంలో రెండు విధాలున్నవి. ఒకటి తానుగా కోరి మారడం. రెండవది గత్యంతరం లేక మారడం. ఈ రెండింటిని కలిపివేయడం వలన మనకు చాలా పొరపాటు అభిప్రాయాలు కలుగుతున్నవి. రెండవదానికి ఈ తాలూకాలోనే పెద్ద ఉదాహరణ ఉన్నది. శ్రీశైలం జలాశయం కొరకు 1981లో కృష్ణా, తుంగభద్రల తీరాన ఉన్న నూరుకు పైగా గ్రామాలు ఖాళీ అయినవి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో దాదాపు లక్షమంది తమ ఊళ్లు విడిచిపోవలసి వచ్చినది. పొలానికి పరిహారం లెక్కగట్టారు. ఇంటికి లెక్కగట్టారు. కాని ఇంటి వెనుక పాడిగేదెను మేపిన పచ్చికకు, యేటిగట్టున పెంచిన కూరపాదుకు, చేపలు పట్టి అమ్మిన బేరానికి, తన చేలో తాను విత్తనం దాచుకొన్న నేర్పుకు ఎవరు లెక్కగడతారు? ఆ పనులలో అధికభాగం స్త్రీలవి. సొంతసేద్యంలో ఇల్లాలుగా ఉన్న స్త్రీ నడివయస్సులో ఒక్క యేడాదిలో ఇతరుల చేలో కూలిమనిషి అయినది. ఆమె కూడ వృత్తి మార్చినదే. కాని ఎవరూ ఆమెను అడిగి మార్చలేదు. నేటికిని ఎండకాలంలో నీరు దిగినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఆ స్త్రీల పాతవృత్తులు మాత్రం మరల బయటపడలేదు.

ఇక కోరి మారేవారి సంగతి. ఎందుకు మారాలనుకొంటారు? కారణాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది, చేసే పనియే తరిగిపోవడం. కలుపు తీయడం, నాట్లు వేయడం, కోతలు ఇవి తరతరాలుగా స్త్రీల పనులు. కలుపుమందులు వచ్చి కలుపును, కోతయంత్రాలు వచ్చి కోతను చాలవరకు తీసికొన్నవి. యంత్రము వచ్చినచోట దానిని నడిపే పని తరచు మగవారికి పోతున్నది. అది మాన్పిన పని ఆడవారిది. కనుక యేటికేడాది ఆమెకు దొరికే కూలిదినాలు తగ్గిపోతున్నవి.

రెండవది, శరీరం. వంగి చేసే పని ఇరువదేండ్లు చేసిన నడుము నలుబదవయేట ఎదురుతిరుగుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో హైబ్రిడ్ పత్తివిత్తనం పండించే చేలలో "క్రాసింగు" అనే పని ఉన్నది. మొగ్గనుండి పుప్పొడి భాగాన్ని గోటితో ఒలిచివేసి, మరునాడు వేరొక జాతి పూవు పుప్పొడిని దానికి అద్దాలి. దానికి చురుకైన చూపు కావాలి. నలుబదియేండ్లకు దగ్గరిచూపు మందగిస్తుంది. మన పెద్దలు దీనికి పెట్టిన పేరే చత్వారం. జనవ్యవహారంలో చాళీసమని కూడ అంటారు. రెండు మాటలలోను నలుబది అనే సంఖ్య ఉన్నది. ఇది రోగము కాదు, వయస్సు. అయినను కుట్టుపని చేసే స్త్రీ సూదిలో దారం ఎక్కక, "ఇక నావల్ల కాదు" అని మిషను మూలబెట్టడం కద్దు. తక్కువ ధరలో వచ్చే ఒక దగ్గరిచూపు కండ్లజోడుతో తీరే చిక్కును తన ఆయుష్షుకే వచ్చిన చిక్కుగా భావించడం ఎంత అన్యాయం! వృత్తి మార్చదలచినవారు మొట్టమొదట చేయవలసిన పని కంటివైద్యునివద్దకు వెళ్లడం. అసలు మార్పే అక్కరలేదని అక్కడ తేలిపోవచ్చు.

మూడవ కారణం కుటుంబంలో వచ్చే విపత్తు. భర్త మరణించడం, విడిచిపోవడం, జబ్బుపడడం. నాలుగవది అన్నింటికంటె సామాన్యమైనది, అందరూ తక్కువగా చెప్పుకొనేది: ఎన్నడో ఆగిపోయిన కోరిక. ఎనిమిదవ తరగతిలో చదువు మాన్పించినప్పుడు మిగిలిపోయిన ఆశ, పిల్లల పుస్తకాలకు అట్టలు వేస్తున్నప్పుడు మరల తల ఎత్తుతుంది. 2011 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా స్త్రీలలో దాదాపు సగంమందికి చదవడం వ్రాయడం రాదని తేలినది. అంటే ఈ కోరిక ఒకరిద్దరిది కాదు.

మన తెలుగుదేశంలో ఈ విషయాన్ని మొదట శాస్త్రీయంగా ఆలోచించినవారిలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అగ్రగణ్యురాలు. ఆమె 1909లో రాజమహేంద్రవరంలో జన్మించినది. ఎనిమిదేండ్లకే బాల్యవివాహం జరిగినది. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారవాసం అనుభవించినది. ఆ పిమ్మటనే, అనగా తోటి ఆడపిల్లలు సంసారాలలో మునిగియున్న వయస్సులో, మెట్రిక్యులేషను పరీక్షకు చదివినది. తరువాత విశ్వవిద్యాలయ పట్టం, ఆపైన న్యాయశాస్త్రం. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, చదువు ఆగిపోయిన స్త్రీలను బెనారసు విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషను పరీక్షకు తయారుచేయించినది. రాజ్యాంగసభ సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైనది.

అక్కడ ఆమెకు ఒక విచిత్రమైన పరిస్థితి ఎదురైనది. గ్రామాలలో ఉపాధ్యాయినులు, గ్రామసేవికలు, మంత్రసానులు కావలెను, దొరకడం లేదు. దొరకకపోవడానికి కారణం ఆ ఉద్యోగాలకు కావలసిన చదువు ఉన్న స్త్రీలు పల్లెలలో లేకపోవడం. పట్టణాలలో చదివినవారు పల్లెలకు పోవడానికి ఇష్టపడరు. మరొకవైపు అవే పల్లెలలో వితంతువులు, భర్తచే విడువబడినవారు, పోషణ లేనివారు వేలకొలదిగా ఉన్నారు. వారికి తెలివి ఉన్నది, అవసరమున్నది, ఊరు విడిచిపోయే ఆలోచన లేదు. లేనిదల్లా కాగితం ఒక్కటే. ఈ రెండు కొరతలను ఒకదానితో ఒకటి తీర్చవచ్చుగదా అని ఆమె తలచినది. దాని ఫలితమే 1958లో ఆరంభమైన సంక్షిప్త విద్యాప్రణాళిక. పిల్లలు ఏండ్ల తరబడి చదివే పాఠాలను వయోజన స్త్రీలకు సుమారు రెండేండ్లలో చెప్పి పరీక్షకు పంపడం ఆ ప్రణాళిక సారాంశం.

రెండేండ్లు ఎట్లు సరిపోతవి అని మీరు అడుగవచ్చును. ఇందులో మాయమంత్రం లేదు. పదేండ్ల పిల్లకు వడ్డీలెక్క ఒక ఊహ. చీటీలు కట్టిన స్త్రీకి అది అనుభవం. కొలతలు, తూకాలు, పాళ్లు, భిన్నాలు ఆమె ప్రతిదినము వంటయింటిలో, కల్లంలో చేస్తున్నదే. ఆమెకు కొత్తగా నేర్పవలసినది ఆ లెక్కను కాగితంమీద వ్రాసే పద్ధతి. చరిత్ర, భూగోళాలలో పేర్లు జ్ఞాపకం పెట్టుకోవడం పిల్లలకు సులభం, పెద్దలకు కష్టం. కాని కారణం, కార్యం గ్రహించడంలో పెద్దలే ముందు. కనుక మాను వంగదన్న సామెత ఇక్కడ సరిపడదు. వంగవలసిన అవసరమే లేదు. ఉన్న కాండానికి అంటు కడితే చాలును.

దుర్గాబాయమ్మ పూనిన పని తరువాత అనేక శాఖలుగా విస్తరించినది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినది. భారతదేశంలో ఆ విధమైన విశ్వవిద్యాలయాలలో అదే మొదటిది. తరువాత దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. పూర్వవిద్య లేనివారు కూడ ఒక అర్హతపరీక్షలో నెగ్గితే పట్టపు చదువులో చేరవచ్చునని అది తలుపు తెరచినప్పుడు చాలామంది నమ్మలేదు. పాఠాలు తపాలాలో వచ్చేవి, ఆకాశవాణిలోను వినబడేవి. పొయ్యిమీద ఎసరు మరుగుతుండగా అర్థశాస్త్రపాఠం విన్న ఇల్లాండ్రు ఉన్నారు. ఇక పదవ తరగతి మాటకు వస్తే, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో పదునాలుగేండ్లు నిండినవారెవరైనా చేరవచ్చును. పై వయస్సుకు హద్దు లేదు. ఒకసారి నమోదు చేసికొంటే అయిదేండ్లలో తొమ్మిది పర్యాయాలు పరీక్షకు కూర్చొనవచ్చును. ఒక్కొక్కసారి ఒక్కొక్క విషయం వ్రాసి ముగించుకొనే వీలున్నది. కోతల కాలంలో మానివేసి తీరికవేళ వ్రాసికొనే స్త్రీకి ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు ఏమి కావాలి?

చదువు లేకుండానే వృత్తి మారినవారు కూడ మన జిల్లాలలో ఉన్నారు. ఓర్వకల్లు మండలము నందికొట్కూరుకు దూరమేమీ కాదు. ఆ మండలంలో 1990ల దశకంలో పొదుపు సంఘాలు బలంగా వేరూనినవి. రూపాయి రూపాయి కూడబెట్టిన స్త్రీలు మొదట అప్పు ఇచ్చిపుచ్చుకోవడం నేర్చారు. తరువాత లెక్కలు వ్రాయడం, సభ నడపడం, బ్యాంకులోను కచ్చేరీలోను మాట్లాడడం నేర్చారు. ఆ మండలంలోని కాల్వ గ్రామానికి 1995లో ఎన్నికైన సర్పంచి ఫాతిమాబీ చదువుకొనని గృహిణి. 73వ రాజ్యాంగ సవరణ స్త్రీలకు మూడవవంతు స్థానాలు కేటాయించకపోతే ఆమె పేరు ఓటరుల జాబితాలో తప్ప ఎక్కడను కనబడి ఉండేది కాదు. 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారు పేదరిక నిర్మూలన కృషికి ఇచ్చే బహుమానాన్ని ఆమె అందుకొన్నది. పెరటిగోడ దాటని స్త్రీ గ్రామపాలన వృత్తిలోనికి రావడం కూడ వృత్తి మార్పే. దానికి ముందు మెట్టు పొదుపు సంఘంలో నలుగురి ఎదుట నోరు విప్పడం.

మా రేడియో వృత్తిలోనికే వచ్చినవారిని గూర్చి కూడ చెప్పకపోతే లోపమవుతుంది. నేటి తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతంలో, మాచనూరు గ్రామంలో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు 2008 అక్టోబరులో సంఘం రేడియో అనే సొంత ప్రసారకేంద్రాన్ని ఆరంభించారు. మెట్టసేద్యం చేసికొనే దళిత స్త్రీలు విత్తనాలను గూర్చి, చిరుధాన్యాలను గూర్చి, వైద్యాన్ని గూర్చి తమ మాటలలో తామే ప్రసంగించి, తామే ధ్వనిముద్రణ చేసి, తామే ప్రసారం చేశారు. అవే సంఘాలలోని కొందరు స్త్రీలు చలనచిత్రపు కెమెరా పట్టి తమ సేద్యాన్ని చిత్రాలుగా తీశారు. విశ్వవిద్యాలయంలో చదివి ఈ వృత్తిలోనికి వచ్చిన మావంటివారు గ్రహించవలసిన విషయం ఇందులో ఉన్నది. యంత్రాన్ని నడపడం కొన్నినెలలలో వస్తుంది. చెప్పవలసిన విషయం ముప్పదేండ్ల సేద్యంలో గాని రాదు.

ఇటువంటిదే రాజస్థాన్‌లో తిలోనియా గ్రామంలో జరుగుతున్నది. 1972లో బంకర్ రాయ్ స్థాపించిన బేర్‌ఫుట్ కళాశాలవారు మనదేశపు పల్లెలనుండియే కాక ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలనుండి కూడ చదువురాని నడివయస్సు స్త్రీలను, అమ్మమ్మలను పిలిపించి, ఆరునెలలలో సౌరవిద్యుత్తు దీపాలు అమర్చడం, బాగుచేయడం నేర్పారు. భాష రాకపోయినా రంగులతోను, సైగలతోను బోధన సాగినది. పడుచువారిని కాక అమ్మమ్మలనే ఎందుకు ఎన్నుకొన్నారు? కారణం సులువు. పడుచువాడు పని నేర్చి ధ్రువపత్రం చేతికి రాగానే పట్టణానికి పోతాడు. అమ్మమ్మ పని నేర్చి తన ఊరికి తిరిగివస్తుంది. వయస్సును మనము లోపమనుకొంటున్నాము. అక్కడ దానినే యోగ్యతగా పరిగణించారు.

మన ప్రభుత్వపు ఏర్పాట్లలో కూడ ఇట్టిది ఒకటి ఉన్నది. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకంలో ఆశా కార్యకర్తగా సాధారణంగా 25 మొదలు 45 సంవత్సరాల లోపు స్త్రీని, ఆ ఊరిలోనే కాపురమున్న వివాహితను గాని, వితంతువును గాని ఎన్నుకోవలెనని నియమం. కానుపులు, చంటిపిల్లల జబ్బులు స్వయంగా చూచిన అనుభవానికి అక్కడ విలువ ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో వారి గౌరవవేతనాన్ని 2019లో నెలకు 10,000 రూపాయలకు పెంచారు. అయితే అది గౌరవవేతనమే గాని జీతం కాదన్న సంగతి చేరేముందే తెలిసికోవలెను.

ఇంతవరకు ఉత్సాహం కలిగించే మాటలు చెప్పాను. ఇక జాగ్రత్తలు చెప్పవలసియున్నది. నడివయస్సులో వృత్తి మార్చేవారికి పడుచువారికి లేని ఒక ఇబ్బంది ఉన్నది. పొరపాటు జరిగితే దిద్దుకొనే కాలము తక్కువ. కనుక అడుగు వేయకముందే లెక్క వేసికోవలెను.

ఒక ఊహాగణితం చేద్దాము. ఒక స్త్రీకి కూలి దినానికి 300 రూపాయలు, పని ఏడుగంటలు, నెలలో పన్నెండు దినాలే పని దొరుకుతున్నదనుకొందాము. నెలకు ఆమెకు వచ్చేది 3,600 రూపాయలు. పనిచేసినది 84 గంటలు. ఆమె కూలి మాని బస్టాండువద్ద ఇడ్లీబండి పెట్టినది. దినానికి 800 రూపాయల అమ్మకం. బియ్యం, పప్పు, నూనె, గ్యాసు ఖర్చు 500. అప్పు వాయిదాకు దినానికి 60. మిగిలినది 240. నెలలో ఇరువదియైదు దినాలు నడిపితే 6,000 రూపాయలు. పైకి చూస్తే లాభమే. కాని పప్పు నానబోయడం, రుబ్బడం, తెల్లవారుజామున లేవడం, అమ్మడం, గిన్నెలు తోమడం కలిపితే దినానికి తొమ్మిదిగంటలు. నెలకు 225 గంటలు. కూలిలో గంటకు సుమారు 43 రూపాయలు వచ్చినవి, బండిమీద సుమారు 27 రూపాయలు మాత్రమే. ఏది మేలు? ఇంట ఖాళీగా ఉన్న గంటలకు వేరు ఉపయోగం లేకపోతే బండియే మేలు. చంటిమనుమడిని, మంచాన పడిన అత్తను చూడవలసి ఉంటే సంగతి వేరు. చేతికి వచ్చిన డబ్బును మాత్రమే కాక, దానికి పెట్టిన గంటలను కూడ లెక్కించడం మన స్త్రీలకు అలవాటు కావాలి. ఇంటిపనిని ఎవరూ గంటలలో లెక్కించకపోవడం వలననే, "మీ ఆవిడ ఏమి చేస్తుంది?" అన్న ప్రశ్నకు "ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది" అన్న జవాబు మనకు ఇంత సులభంగా వస్తున్నది.

రెండవ జాగ్రత్త అప్పు. కొత్తవృత్తి రుచి చూడకముందే యంత్రం కొనవద్దు. కుట్టుపని చేయదలిస్తే మొదట ఒక దర్జీవద్ద కూర్చొని నాలుగునెలలు కుట్టండి. అంగడి పెట్టదలిస్తే ఒక తిరునాళ్లలోనో, వారపు సంతలోనో నాలుగువారాలు అమ్మి చూడండి. వారంవారం వాయిదాలు కట్టవలసిన సూక్ష్మఋణాలు ఒకదానిపై ఒకటి తీసికొని, ఒకదానితో ఇంకొకటి తీర్చబోయిన కుటుంబాల గతి ఏమైనదో మనకు తెలుసు. అందుకే 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కంపెనీలను అదుపుచేస్తూ అత్యవసరశాసనం తీసికొనిరావలసి వచ్చినది. తప్పనిసరియైతే మీ సంఘంనుండి బ్యాంకు ద్వారా వచ్చే ఋణాన్ని తీసికొనండి. శిక్షణకు డబ్బు ఖర్చుపెట్టకముందు, జిల్లాలలో బ్యాంకులు నడుపుతున్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలను విచారించండి. అక్కడ భోజనవసతులతో ఉచితంగా పని నేర్పుతారు.

మూడవది వృద్ధాప్యం లెక్క. ఇది చాలామందికి తెలియదు; తెలిసేసరికి తలుపు మూసికొనిపోతుంది. భవిష్యనిధి వర్తించే సంస్థలో చేరినవారికి 58వ యేట పింఛను రావలెనంటే పది సంవత్సరాల సర్వీసు ఉండవలెను. అనగా 48 దాటిన పిమ్మట మొదటిసారి అటువంటి ఉద్యోగంలో చేరితే, కూడిన నిధి చేతికి వస్తుంది గాని నెలనెల పింఛను రాదు. సొంతపని చేసికొనేవారికి 2015లో ఏర్పడిన అటల్ పింఛను పథకంలో 60వ యేటనుండి నెలకు వేయి మొదలు అయిదువేల రూపాయల వరకు వచ్చే వీలున్నది. కాని అందులో చేరడానికి వయస్సు 18 మొదలు 40 వరకే. ప్రభుత్వోద్యోగాలకు కూడ వయోపరిమితి ఉన్నది. 2019లో గ్రామ సచివాలయాల ఉద్యోగాలను ప్రకటించినప్పుడు సామాన్యంగా 42 సంవత్సరాలు హద్దు పెట్టి, షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులవారికి అయిదేండ్ల సడలింపు ఇచ్చారు. కనుక ముప్పదియెనిమిదేండ్ల సోదరి, "పిల్ల పెండ్లి కానీ, తరువాత చూద్దాము" అనుకొంటే, ఆ తరువాత అన్నది నలుబది దాటిపోవచ్చును. చదువుకు వయస్సు హద్దు లేదు. పింఛనుకు, ఉద్యోగానికి ఉన్నది. ఏది ఆగుతుందో, ఏది ఆగదో తెలిసి నిర్ణయించుకోవలెను.

చివరిమాట ఇంటిలోని ఇతరులకు. ఈ ప్రసంగం ఇంటిలో రేడియోముందు కూర్చున్న అందరూ వింటున్నారని నమ్మి చెబుతున్నాను. స్త్రీ కొత్తపనికి వెళ్లినప్పుడు పాతపని మాయమైపోదు. నీరు పట్టవలెను, అన్నం వండవలెను, ముసలివారికి మందు ఇవ్వవలెను. "నీవు ఏమైనా చేసికో, ఇంటికి లోటు రాకుండా చూచుకో" అని భర్త అనుమతి ఇస్తే, అది అనుమతి కాదు. రెండవకాడిని కూడ ఆ మెడమీదనే పెట్టడం. పరీక్షకు చదివే తల్లికి సాయంకాలం ఒక గంట ఎవరు మిగులుస్తారు? కొడుకు అన్నం వార్చగలడా? కోడలు, అత్త వంతులు వేసికొనగలరా? ఆ గంట దొరికిన ఇంటిలో మార్పు నిలుస్తుంది. దొరకనిచోట పుస్తకాలు అటకెక్కుతవి. తరువాత అందరము కలిసి, "మొక్కై వంగనిది" అని సామెత చెప్పి ఊరుకొంటాము.

ప్రతి స్త్రీయు నలుబదవయేట వృత్తి మార్చవలెనని నేను చెప్పడం లేదు. చేస్తున్న పని తృప్తిగా ఉంటే, కడుపు నిండుతుంటే, దానిని విడువవలసిన పని లేదు. కాని పని తనను విడిచిపోతున్నదని తెలిసిన స్త్రీ చేతులు ముడుచుకొని కూర్చొననక్కరలేదు. ఈ వారంలోనే ఆమె చేయగల పనులు మూడున్నవి: కండ్లు పరీక్ష చేయించుకోవడం, తాను దినానికి ఎన్నిగంటలు ఏయే పని చేస్తున్నదో ఒక కాగితంమీద వ్రాయడం లేక వ్రాయించడం, తనకు నలుబది ఎప్పుడు నిండుతుందో ఆధారు కార్డులో చూచుకోవడం. ఆ మూడు తెలిస్తే, "ఈ వయస్సులో ఎందుకమ్మా?" అన్నవారికి ఆమెయే లెక్క చూపి సమాధానం చెప్పగలదు.